తాతయ్య కంప్యూటరుకు పట్టిన దయ్యం

ఎందుకు? ఎలా?

పిల్లలూ!

పోయిన నెల పిడుగును గురించి చెప్పుకున్నాం. ఈ నెల ఒక దయ్యాన్ని గురించి చెబుతాను. ఇది చింతచెట్టు మీది దయ్యం కాదు. మా నాన్నగారి కంప్యూటరుకు పట్టిన దయ్యం. దాన్ని వదిలించటానికి వేపమండలు అవసరం లేకపోయింది. కాస్త ఓపికా, ఒక నోటుపుస్తకమూ, నిజం చెప్పే ధైర్యమూ సరిపోయినాయి. ఆ కథ వినండి.

మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్ళో ఉంటారు. బడిపంతులుగా పనిచేసి ఏనాడో రిటైరయారు. మా అమ్మ పోయి మూడేళ్ళయింది. అమ్మకు పాటలు చాలా వచ్చు: లాలిపాటలు, దంపుళ్ళపాటలు, పెళ్ళిపాటలు, అప్పగింతల పాటలు. వాటిని ఆవిడ ఎక్కడా రాసిపెట్టలేదు. ఆవిడ పోయాక నాన్నగారు తనకు జ్ఞాపకం ఉన్నవీ, ఊళ్ళో పెద్ద ముత్తయిదువలను అడిగి రాబట్టినవీ, ఒక్కొక్కటే కంప్యూటరులో తెలుగులో టైపు చేస్తూ వచ్చారు. మొత్తం 116 పాటలయినాయి.

మా చెల్లెలు హైదరాబాదులో ఉంటుంది. ఆమె కొడుకు, అంటే నా మేనల్లుడు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పోయిన మాఘమాసంలో వాళ్ళింట పెళ్ళి వచ్చింది. పాటలన్నిటినీ చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, పెళ్ళికి వచ్చినవాళ్ళకు పంచాలని మా చెల్లెలి కోరిక. నాన్నగారికి చూపు సరిగా ఆనటం లేదు. పాటలను వరసగా పేర్చి, పేజీలు కట్టే పని మనవడి మీద పడింది. వాడు హైదరాబాదులోనే కూచుని, తాతయ్య కంప్యూటరు మీద ఆ పని చేసేస్తానన్నాడు.

"అక్కడ కూచుని ఇక్కడి కంప్యూటరు మీద పని చెయ్యటమేమిటి?" అని మీలో కొందరికి సందేహం రావచ్చు. ఇందులో మాయ ఏమీ లేదు. దీన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. దూరాన ఉన్న కంప్యూటరు తన తెరమీది బొమ్మను ఇంటర్నెట్ ద్వారా మన తెరమీదికి పంపుతుంది. బొమ్మలో ఏ ముక్క మారితే ఆ ముక్కను మళ్ళీ పంపుతూ ఉంటుంది. మనం ఇక్కడ కీబోర్డు మీద మీట నొక్కితే ఆ కబురు అక్కడికి పోతుంది. మౌసు కదిపితే ఆ కబురూ పోతుంది. బొమ్మలు అటునుంచి ఇటు, కబుర్లు ఇటునుంచి అటు. అంతే!

దూరాన ఉన్నదాన్ని తమ తెరమీద చూడాలనే కోరిక కొందరికి కాఫీ మూలంగా కూడా కలిగింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటరు పరిశోధకులకు ఉమ్మడిగా ఒక కాఫీ పాత్ర ఉండేది. పాపం, దూరపు గదుల్లో ఉన్నవాళ్ళు నడిచి వచ్చేసరికి అది ఖాళీగా కనిపించేది. 1991లో ఆ పాత్ర ఎదుట ఒక కెమేరా పెట్టారు. ఎవరి బల్లదగ్గర వాళ్ళు కూచునే, కాఫీ ఉన్నదో లేదో చూసుకోసాగారు! ఈ ఏర్పాటు చేసినవారిలో ఒకరైన క్వెంటిన్ స్టాఫర్డ్ ఫ్రేజర్, తరవాత అదే ఊళ్ళోని ఓలివెట్టి పరిశోధనాలయంలో వి.ఎన్.సి. అనే పద్ధతిని తయారుచేసిన జట్టులో కూడా ఉన్నాడు. దూరపు కంప్యూటరు తెరను చూసి, దాని మీద పనిచేసే పద్ధతి అది. 1998లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ సంస్థ ఆర్.డి.పి. అనే మరొక పద్ధతిని తెచ్చింది. ఈ రెండూ నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందో చెబుతాను. ప్రతి కంప్యూటరులోనూ ఇంటిపెద్దలాగా పనులన్నీ చక్కబెట్టేది ఒకటుంటుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. నా మేనల్లుడి కంప్యూటరులో విండోస్ ఉన్నది. నాన్నగారి పాత కంప్యూటరులో లినక్స్ ఉన్నది. ఇద్దరూ మంచి పెద్దలే. కాని కొత్తగా కలిసిన వియ్యంకులలాగా ఒకరి ఇంటి ఆచారం ఇంకొకరికి తెలియదు. అందుచేత ఎవరి తప్పూ లేకుండానే తగువులు పుడతాయి.

ఈ సంగతి తెలిసే నేను ముందుగా నా మేనల్లుడికి ఒక మాట చెప్పాను:

"చూడు నాయనా, ఏదైనా చిక్కు వస్తే కంగారుపడి అన్నీ కదపకు. మూడు ప్రశ్నలు వేసుకో. తప్పు ఈ ఇంట్లో ఉన్నదా? ఆ ఇంట్లో ఉన్నదా? మధ్యదారిలో ఉన్నదా? ఒకసారికి ఒకటే మార్చి చూడు. చేసిన ప్రతి పనీ నోటుపుస్తకంలో రాసుకో."

"అలాగే మామయ్యా," అన్నాడు వాడు.

ఆదివారం ఉదయం పని మొదలు పెట్టాడు. మొదటి చిక్కు గడపలోనే వచ్చింది. ఆర్.డి.పి. ద్వారా తాతయ్య కంప్యూటరు తలుపు తట్టి, పేరూ పాస్‌వర్డూ కొట్టాడు. పాస్‌వర్డు తప్పన్నది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పే. తాతయ్య ఫోనులో ఒక్కొక్క అక్షరమే చెప్పారు. అయినా అంతే.

"నువ్వు సరిగా కొట్టటం లేదురా," అన్నారు తాతయ్య.

"మీరే మరిచిపోయారేమో తాతయ్యా," అన్నాడు మనవడు.

ఇద్దరికీ కోపాలు రాబోయినాయి. అప్పుడు వాడికి మూడు ప్రశ్నలూ జ్ఞాపకం వచ్చినాయి. తాతయ్యను తన కంప్యూటరు మీద ఆ పాస్‌వర్డే కొట్టమన్నాడు. అది ఆయనను వెంటనే లోపలికి రానిచ్చింది. అంటే ఆ ఇంట్లో తప్పు లేదు. తరవాత తన కంప్యూటరులో ఒక ఖాళీ కాగితం తెరిచి ఆ అక్షరాలే కొట్టాడు. అన్నీ సరిగానే పడ్డాయి. ఈ ఇంట్లోనూ తప్పు లేదు. మరి దారిలో ఏమవుతున్నది? పాస్‌వర్డు కొట్టేచోట అక్షరాలు కనపడవు, చుక్కలే కనిపిస్తాయి. అందుకని వాడు ఒక ఉపాయం చేశాడు. తాతయ్య కంప్యూటరు "నీ పేరేమిటి?" అని అడిగే గడిలో పాస్‌వర్డులోని గుర్తు ఒకటి, @ కొట్టి చూశాడు. అక్కడ @ పడటానికి బదులు కొటేషను గుర్తు పడింది! దొంగ దొరికాడు.

ఇది ఎందుకు జరిగింది? ఆర్.డి.పి.లో మనం మీట నొక్కినప్పుడు సాధారణంగా అక్షరం పోదు. ఆ మీట ఎక్కడ ఉన్నదో చెప్పే సంఖ్య పోతుంది. "ఫలానా వరసలో ఫలానా మీట నొక్కారు" అన్నమాట. అది ఏ అక్షరమో తేల్చుకోవటం అవతలివారి పని. షిఫ్టు పట్టుకుని 2 అంకె మీట నొక్కితే అమెరికా కీబోర్డు పద్ధతిలో @ వస్తుంది. మన దేశంలో అమ్మే కీబోర్డులు చాలామటుకు ఇలాంటివే. బ్రిటిషు పద్ధతిలోనయితే అదే మీటకు కొటేషను గుర్తు వస్తుంది. మా చెల్లెలి ఇంటి కంప్యూటరులో ఎవరో ఎప్పుడో రెండు పద్ధతులూ పెట్టి ఉంచారు. వాడు టైపు చేసేది అమెరికా పద్ధతిలో. అవతల అనుకునేది బ్రిటిషు పద్ధతి అని. వాడు బ్రిటిషు పద్ధతిని తీసేసి, మళ్ళీ కలిపాడు. ఈసారి @ సరిగా పడింది. పేరు గడిలో కొట్టినదాన్ని చెరిపేసి, పాస్‌వర్డు కొట్టాడు. తలుపు తెరుచుకున్నది.

తలుపయితే తెరుచుకున్నది కాని, లోపల అంతా చీకటి! తెర నల్లగా అయి, కాసేపటికి అదే మూసుకుపోయింది. ఇది రెండో చిక్కు.

"కరెంటు పోయిందా తాతయ్యా?" అని అడిగాడు.

"ఫాను తిరుగుతూనే ఉన్నదిరా. కంప్యూటరూ నా ఎదుట చక్కగా వెలుగుతున్నది," అన్నారాయన.

వాడు నోటుపుస్తకం చూసుకున్నాడు. పాస్‌వర్డు పరీక్షించటానికి "తాతయ్య తన కంప్యూటరులో లోపలికి వెళ్ళారు" అని రాసి ఉన్నది. "బయటికి వచ్చారు" అని ఎక్కడా లేదు! అంటే ఆయన పేరుతో ఆయన లోపలే ఉన్నారు. అదే పేరుతో వీడు రెండోసారి లోపలికి వెళ్ళాడు. ఈ ఆర్.డి.పి. ఏర్పాటు తాతయ్య తెరను చూపించదు. వచ్చినవాడికి ఒక కొత్త తెర వేస్తుంది. ఒకే పేరుకు రెండు తెరలు వెయ్యాలంటే చాలా లినక్సు కంప్యూటర్లు తికమకపడతాయి. కుర్చీలో కూచున్న తాతయ్యకు అంతా బాగానే కనిపిస్తుంది. వెనక వచ్చిన మనవడికి చీకటి మిగులుతుంది. తాతయ్య బయటికి వచ్చాక వీడు మళ్ళీ వెళితే తెర చక్కగా కనిపించింది. మొదటి చిక్కును విప్పటానికి చేసిన పనే రెండో చిక్కును తెచ్చిందన్నమాట! నోటుపుస్తకం లేకపోతే ఆ సంగతి తేలటం కష్టమే.

కాని తాతయ్యకు ఇది నచ్చలేదు. "నా పాటలను నువ్వేం చేస్తున్నావో నాకు కనిపించాలి," అన్నారు. అది న్యాయమే గదా! అందుకని వాడు వి.ఎన్.సి. పద్ధతికి మారాడు. తాతయ్య చూస్తున్న తెరనే మనవడికి కూడా చూపేటట్టు అందులో ఏర్పాటు చేసుకోవచ్చు. ఒకే పలకను ఇద్దరూ చూడటం లాంటిది. తాతయ్య పడక కుర్చీలో కూచుని చూస్తూండగా మనవడు పాటలు సర్దసాగాడు.

అరగంట బాగానే జరిగింది. ఉన్నట్టుండి దయ్యం పట్టింది.

వాడు ఒక అక్షరం కొడితే అక్షరం పడదు. పైనుంచి ఏదో పట్టిక జారి కిందికి వేలాడుతుంది. ఇంకో అక్షరం కొడితే ఇంకో పట్టిక! మౌసుతో ఒక వాక్యాన్ని పట్టుకోబోతే కాగితం కాగితమే తెరమీద అటూ ఇటూ జరుగుతున్నది.

"ఒరే, ఇదేమిటిరా! కంప్యూటరుకు దయ్యం పట్టింది!" అని తాతయ్య ఫోనులో కేకపెట్టారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూశారట.

ఈ దయ్యం సంగతి బాగా అర్థం కావాలంటే ఒకటి తెలియాలి. ఒక మీట నొక్కి వదిలితే దూరపు కంప్యూటరుకు ఒక కబురు కాదు, రెండు కబుర్లు వెళతాయి. "నొక్కారు" అని ఒకటి, "వదిలారు" అని ఒకటి. మొదటిది చేరి, రెండోది చేరకపోతే? మీట ఇంకా నొక్కే ఉన్నదని పాపం దూరపు కంప్యూటరు అనుకుంటుంది.

నా మేనల్లుడు మధ్యలో తన కంప్యూటరులోనే వేరే కాగితం చూడాలనుకున్నాడు. అందుకు ఆల్ట్ మీట పట్టుకుని ట్యాబ్ మీట నొక్కాడు. ఆల్ట్ "నొక్కారు" అన్న కబురు తెనాలి వైపు వెళ్ళిపోయింది. ఇంతలో విండోస్ "ఇది నా పని" అంటూ వేరే కాగితాన్ని ముందుకు తెచ్చింది. వాడు ఆల్ట్ వదిలేసరికి ఎదుట ఉన్నది వేరే కాగితం. "వదిలారు" అన్న కబురు తెనాలికి వెళ్ళనే లేదు. తాతయ్య కంప్యూటరు మాత్రం ఆల్ట్ నొక్కే ఉన్నదనుకుని, ప్రతి అక్షరాన్నీ ఆల్ట్‌తో కలిపి చదువుతున్నది. ఆల్ట్‌తో అక్షరం కలిస్తే పట్టికలు తెరుచుకుంటాయి. ఆ లినక్సులో ఆల్ట్ పట్టుకుని మౌసుతో లాగితే కాగితమంతా జరుగుతుంది. ఇదే దయ్యం! కొన్ని కార్యక్రమాలు ఇలా జరగకుండా జాగ్రత్తపడతాయి, అన్నీ పడవు.

దీనికి మంత్రం ఏమిటో చూడండి. దూరపు తెరమీదికి తిరిగి వచ్చి, ఆల్ట్ మీటను ఒకసారి నొక్కి వదలాలి. అంతే! ఈసారి "వదిలారు" అన్న కబురు చేరుతుంది. అయినా వదలకపోతే కంట్రోల్, షిఫ్టు మీటలను కూడా ఒక్కొక్కసారి నొక్కి వదలాలి. రెండువైపులా, కుడివైపూ ఎడమవైపూ. నా మేనల్లుడు అలాగే చేశాడు. దయ్యం వదిలింది. పక్కింటివాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఇంతవరకూ వాడు బాగానే చేశాడు. మూడు చిక్కులు విప్పాడు. నాలుగోది రాత్రి వచ్చింది.

పాటలు సర్దటం పూర్తయింది. తాతయ్య పడుకున్నారు. వాడు పాటలన్నిటినీ తన కంప్యూటరులోకి తెచ్చుకుందామని, దూరపు తెరమీద అన్నిటినీ ఎంచి కాపీ చేసి, తన ఖాళీ కాగితం మీద అతికించాడు. వాడి గుండె ఆగినంత పనయింది. కాగితం నిండా ప్రశ్నార్థకాలు! ఒక్క తెలుగు అక్షరం లేదు. లాలిపాట లేదు, అప్పగింతల పాట లేదు. ????? ???? అని వరసలు వరసలుగా ప్రశ్నలు.

తాతయ్య మూడేళ్ళపాటు మసక కళ్ళతో చేసిన పనిని తాను ఒక్క క్షణంలో నాశనం చేశానని వాడు అనుకున్నాడు. మూడు ప్రశ్నలూ మరిచాడు. నోటుపుస్తకం మరిచాడు. అన్నీ మూసేసి, అన్నం తినకుండా పడుకున్నాడు. అడిగితే కడుపునొప్పి అన్నాడట. పది గంటలకు మా చెల్లెలి ఫోను తీసుకుని, దుప్పట్లో ముసుగు తన్ని నాతో మాట్లాడాడు.

"మామయ్యా, అమ్మమ్మ పాటలు పాడుచేశాను," అన్నాడు. తరవాత ఏడుపు తప్ప మాట లేదు.

కాసేపు ఏడవనిచ్చి నేను అడిగాను: "పాటలను కాపీ చేశావా, కట్ చేశావా?"

"కాపీయే చేశాను."

"ప్రశ్నార్థకాలు ఎక్కడ కనిపించాయి? తాతయ్య కాగితం మీదా, నీ కాగితం మీదా?"

"నా కాగితం మీద."

"వాటిని మళ్ళీ తాతయ్య కాగితం మీద అతికించావా?"

"లేదు. ఒకసారి వెనక్కు అతికిస్తే బాగవుతాయేమో అనుకున్నాను. కాని భయమేసి మూసేశాను."

"బతికించావు! అతికించి సేవ్ చేసి ఉంటే నిజంగానే పోయేవి. తాతయ్య కాగితం ఎలా ఉన్నదో చూశావా?"

"చూడలేదు మామయ్యా. చూడాలంటే భయంగా ఉన్నది."

"చూడకుండానే పోయినాయని నిశ్చయించావా? పొద్దున లేచి తాతయ్యకు నువ్వే చెప్పు. ఆయనచేత కాగితం తెరిపించు," అన్నాను.

తెల్లవారుతూండగానే వాడు తాతయ్యకు ఫోను చేసి జరిగినదంతా చెప్పాడు. ఆయన ఒక్క మాటా అనకుండా కంప్యూటరు తెరిచారు. 116 పాటలూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఒక్క అరసున్న కూడా చెదరలేదు. ఆయన మొదటి లాలిపాటను ఫోనులోనే చదివి వినిపించారు. వాడు అప్పుడు అన్నం తిన్నాడు.

మరి ప్రశ్నార్థకాలు ఎక్కడినుంచి వచ్చినాయి? కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ప్రపంచంలోని భాషలకు ఉమ్మడిగా యూనికోడ్ అనే పట్టిక ఉన్నది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా 128 గళ్ళు తెలుగువి. మన "అ" సంఖ్య 3077. కాని ఒక తెరనుంచి ఇంకో తెరకు కాపీ చేసిన మాటలను మోసుకుపోవటానికి వి.ఎన్.సి.కి మొదట పెట్టిన నియమం వేరు. 2011లో ఆ నియమాలను పత్రంగా ప్రకటించినప్పుడు కూడా, మాటలు లాటిన్-1 అనే పట్టికలోని అక్షరాలే అయి ఉండాలని రాశారు. అందులో 256 గళ్ళే ఉన్నాయి. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను వంటి పడమటి భాషల అక్షరాలకే అవి సరిపోతాయి. 256 గళ్ళ పట్టిక పట్టుకుని కూచున్న గుమాస్తా దగ్గరికి 3077 నంబరు వస్తే ఏం చేస్తాడు? "ఇదేమిటో నాకు తెలియదు" అని ఒక ప్రశ్నార్థకం రాసి ముందుకు తోస్తాడు. తెలుగు పాట మొత్తం ఆ గుమాస్తా చేతిలో ప్రశ్నలయి పోయింది.

ఈ లోపాన్ని సవరించే కొత్త ఏర్పాటు తరవాత వచ్చింది. కాని అది పనిచెయ్యాలంటే రెండు చివరలా కొత్త కార్యక్రమాలే ఉండాలి. నాన్నగారి కంప్యూటరులో ఉన్నది పాతది.

మీరు ఎప్పుడైనా తెలుగుకు బదులు వింత గుర్తులు చూస్తే, అవి ఏ రకమో గమనించండి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే అక్షరాలు క్షేమంగానే ఉన్నాయన్నమాట. వాటిని గీసి చూపే తెలుగు ఫాంటు ఆ కంప్యూటరులో లేదు, అంతే. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు అక్షరాలూ చిన్న సున్నలూ కలిసిన పిచ్చిరాత కనిపిస్తే, చాలామటుకు అక్షరాలు చేరాయి కాని వేరే పట్టికతో చదువుతున్నారన్నమాట. సరయిన పట్టిక ఎంచితే బాగవుతుంది. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే అక్షరాలు దారిలోనే పోయినాయన్నమాట. ఆ ప్రశ్నార్థకాలనుంచి తిరిగి "అ" పుట్టదు. అసలు ప్రతి దగ్గరికే వెళ్ళాలి. అసలు ప్రతి మీద మాత్రం వాటిని ఎన్నడూ అతికించకూడదు.

నా మేనల్లుడు ఏం చేశాడంటే, మాటలను కాపీ చెయ్యటం మాని, ఫైలును ఫైలుగానే ఈమెయిలుకు జతచేసి తాతయ్యచేత పంపించాడు. మూట విప్పకుండా పంపితే గుమాస్తాకు అందులోని అక్షరాలతో పనిలేదు. మూట చక్కగా చేరింది. పుస్తకం అచ్చయింది. పెళ్ళిలో అప్పగింతల వేళ మా చెల్లెలు ఆ పుస్తకం చూస్తూ అమ్మ పాట పాడింది. చివరి చరణం పూర్తి చెయ్యలేకపోయింది. పక్కనున్న ముత్తయిదువలు పుస్తకాలు చూసి అందుకుని పాడారు.

తరవాత నాన్నగారు మనవడితో అన్నారు: "పాటలు పోతే మళ్ళీ అడిగి రాసుకునేవాణ్ణిరా. నువ్వు చెప్పకుండా దాచి ఉంటే, నీకు ఆ కడుపునొప్పి ఎన్నాళ్ళుండేదో!"

పిల్లలూ, వింత చిక్కు వచ్చినప్పుడు "కంప్యూటరు పాడయింది" అనో, "నేనే పాడుచేశాను" అనో వెంటనే అనుకోకండి. ఎక్కడ తప్పిందో వెతకండి. ఈ ఇల్లు, ఆ ఇల్లు, మధ్యదారి. ఒకసారికి ఒకటే మార్పు. చేసినది రాసుకోవటం. అసలు ప్రతిని ముట్టకుండా ఉంచి, నకలు మీద పనిచెయ్యటం. ఇవి కంప్యూటరుకే కాదు, ఆగిపోయిన గోడగడియారానికీ, తప్పిన లెక్కకూ కూడా పనికివస్తాయి.

పెద్దలకు ఒక మనవి. దూరంనుంచి కంప్యూటరు నడపటమంటే ఇంటి తాళంచెవి ఇవ్వటంతో సమానం. "బ్యాంకునుంచి మాట్లాడుతున్నాం, ఈ కార్యక్రమం పెట్టుకోండి, తెరమీద కనిపించే నంబరు చెప్పండి" అని తెలియనివాళ్ళు ఫోను చేస్తే చెప్పకండి, ఫోను పెట్టెయ్యండి. మీ ఇంట్లోని వృద్ధులకూ ఈ మాట చెప్పి ఉంచండి. పని కాగానే రాకపోకల దారి మూసెయ్యండి. ఆర్.డి.పి. వాడుకునే 3389 నంబరు తలుపును ఇంటర్నెట్‌లో ఎవరైనా తట్టేటట్టు తెరిచి ఉంచకండి. కార్యక్రమాలకు వచ్చే సవరణలను వెంటనే పెట్టుకోండి. 2019లో పాత విండోస్‌లలో ఈ తలుపుకే ఒక పెద్ద లోపం బయటపడింది. అప్పటికే తాను సవరించటం మానేసిన పాత రకాలకు కూడా మైక్రోసాఫ్ట్ సవరణ ఇవ్వవలసి వచ్చింది.

ఇప్పుడు ఒక ఆట. ఒకరు వసారాలో, ఒకరు లోపలి గదిలో కూచోండి. మూడో వారు చీటీలు మోసే జవాను. వసారాలో ఉన్నవారు ఒక్కొక్క మీటకు "నొక్కాను" అని ఒకటి, "వదిలాను" అని ఒకటి చీటీలు రాసి పంపాలి. లోపలివారు వాటిని బట్టి మాటను పలకమీద రాయాలి. షిఫ్టు నొక్కే ఉన్నంతసేపూ అక్షరాలు పెద్దవిగా రాయాలి. మధ్యలో జవాను షిఫ్టు "వదిలాను" చీటీ ఒకటి జేబులో దాచెయ్యాలి. పలకమీద ఏమవుతుందో చూడండి. దయ్యం మీ ఇంటికే వస్తుంది!

చివరగా ఒక ప్రశ్న. దూరపు కంప్యూటరు మీద పనిచేస్తూ, కీబోర్డు కుడివైపున ఉన్న అంకెల మీటలను నొక్కితే అంకెలు పడలేదు. గుర్తు మాత్రం పైకీ కిందికీ, పక్కలకూ పరిగెత్తింది. మన కీబోర్డు మీద చిన్న దీపం వెలుగుతూనే ఉన్నది. తప్పు ఏ ఇంట్లో ఉన్నది? ఏ మీట నొక్కితే బాగవుతుంది? ఆలోచించి రాయండి. జవాబు వచ్చే నెల.